పికప్ ట్రక్కులో సైకిళ్లు: గొలుసా, ఫోర్క్ మౌంటా?

పికప్ తొట్టిలో సైకిళ్లు వేసుకెళ్తుంటే దొంగల టెన్షన్ దారి మధ్యలో బండి ఆపినప్పుడే మొదలవుతుంది.

తాళం ఉన్న ఫోర్క్ మౌంట్ అయితే ముందు చక్రం తీసి, ఆ చక్రాన్ని పట్టి ఉంచే రెండు కాళ్ల భాగాన్ని, అంటే ఫోర్క్‌ను, దానికి బిగిస్తాం. సైకిల్ ఊగదు, గీతలు పడవు. కానీ మౌంట్‌ను తొట్టికి పట్టి ఉంచే బోల్టులు మామూలు పానాకే ఊడొస్తే తాళం ఉండీ లాభం లేదు, మౌంట్‌తో సహా ఎత్తుకుపోతారు. విడిగా పడున్న ముందు చక్రం సంగతి సరేసరి.

గట్టి ఉక్కు గొలుసు బరువు, పైగా మోత. అయినా నా ఓటు దీనికే. అన్ని ఫ్రేముల్లోంచి, చక్రాల్లోంచి దూర్చి ఒకే తాళం వేయొచ్చు. లింకు మందం 10 మి.మీ. దాటితే చిన్న చేతి కట్టర్లకు లొంగదు. బ్యాటరీ గ్రైండర్‌తో వస్తే మాత్రం దేన్నైనా కోస్తారు, కాకపోతే ఆ చప్పుడుకు నలుగురూ చూస్తారు. గుడ్డ తొడుగు లేని గొలుసు ఫ్రేము పెయింట్ లేపేస్తుంది. తొట్టిలో గొలుసు తగిలించే కొక్కెం స్క్రూలతో బిగించిందా, వెల్డ్ చేసిందా అన్నది ముందే చూసుకోవాలి. స్క్రూలదైతే గొలుసు ఎంత మందమైనా దండగ.

కాసేపు ఆపేవాళ్లకు మౌంట్ సరిపోతుంది. రాత్రంతా బయట ఉంచాలంటే రెండూ వాడండి, వీలైతే సైకిళ్లను లోపలే పెట్టుకోండి.