కాసెల్‌లో ష్పోర్ మ్యూజియం బంగారం, మేం దిగిన అపార్ట్‌మెంట్ దోపిడీ

జర్మనీలో ఫ్రాంక్‌ఫర్ట్ నుంచి కాసెల్ వెళ్లేవాళ్లకు ముందే చెప్తున్నాను. ఊళ్లో ఆన్‌లైన్ అపార్ట్‌మెంట్ తీసుకునేటప్పుడు మొత్తం బిల్లు ఎంతవుతుందో చూడకుండా డబ్బు కట్టకండి. మాకు చూపించిన రేటు రాత్రికి 68 యూరోలు. రెండు రాత్రులకు 136. దానికి క్లీనింగ్ 75, దుప్పట్లకు మనిషికి 12 చొప్పున 36 కలిపి 247 చేశారు. లిఫ్ట్ ఉందని రాశారు, అది పనిచేయడం లేదు. డెబ్బై దాటిన మా మామయ్యగారు నాలుగో అంతస్తుకు మెట్లెక్కాల్సి వచ్చింది. ఓనర్‌కు మెసేజ్ పెడితే రాత్రి వరకు జవాబు లేదు. ఇవన్నీ సర్దుకున్నాం. కానీ ఖాళీ చేశాక 150 యూరోల డిపాజిట్‌లో 60 కోసేశారు, వంట వాసన వచ్చిందట! మా ఆవిడ చారుకు పోపు పెట్టింది, అంతే. వంటగది ఉందని ప్రకటనలో గొప్పగా రాసుకున్నది వాళ్లే. ఆమె కోపం తిరుగు ప్రయాణంలో కూడా తగ్గలేదు, నాకూ తగ్గలేదు. చివరి రాత్రి విల్‌హెల్మ్‌స్‌హోహె స్టేషన్ దగ్గర మామూలు హోటల్‌లో ముగ్గురికీ టిఫిన్‌తో కలిపి 112 అయింది. మొదటి నుంచీ అక్కడే దిగితే హాయిగా ఉండేది.

మేం కాసెల్‌లో ష్పోర్ మ్యూజియానికి వెళ్లింది మామయ్యగారి కోసం. విజయనగరం సంగీత కళాశాలలో చదువుకుని, ఉద్యోగమంతా పిల్లలకు వయొలిన్ నేర్పిన మనిషి. జర్మన్ వయొలిన్ విద్వాంసుడు లూయి ష్పోర్ పేరు ఆయనకు ముందే తెలుసు. 1784లో బ్రౌన్‌ష్వైగ్‌లో పుట్టి, పదిహేనేళ్లకే అక్కడి డ్యూక్‌కు అర్జీ పెట్టుకుని ఆస్థాన విద్వాంసుడైనవాడు. తర్వాత గోథా ఆస్థానంలో పనిచేశాడు. 1822 నుంచి 1857 వరకు కాసెల్ ఆస్థాన సంగీతానికి పెద్ద. దేశదేశాల నుంచి దాదాపు 200 మంది ఆయన దగ్గర నేర్చుకున్నారు. జర్మన్ స్వరకర్త మెండెల్సన్ వయొలిన్ కన్చెర్టోను (వయొలిన్‌కు ఆర్కెస్ట్రా తోడుగా ఉండే పెద్ద రచన) 1845లో మొదటిసారి వాయించిన ఫెర్డినాండ్ డేవిడ్ ఆయన శిష్యుడే.

మ్యూజియం పాత హాప్ట్‌బాన్‌హోఫ్, అంటే పాత పెద్ద స్టేషన్ భవనంలోనే ఉంది. ఐసీఈ అనే వేగవంతమైన రైళ్లు విల్‌హెల్మ్‌స్‌హోహెలో ఆగుతాయి గానీ అక్కడికి రావు. ఫ్రాంక్‌ఫర్ట్ నుంచి ఆర్ఈ 30 అనే ప్రాంతీయ రైలు ఎక్కితే నేరుగా అక్కడే దిగొచ్చు. చిన్నదే, వారంలో అన్ని రోజులూ తెరవరు కాబట్టి చూసుకుని వెళ్లండి.

గడ్డం ఆనించుకునే చిన్రెస్ట్‌ను 1820 ప్రాంతంలో తయారుచేసింది ష్పోరే. మొదట అది ఇప్పటిలా ఎడమపక్కన కాకుండా మధ్యలో, తీగలు కట్టే టెయిల్‌పీస్ మీదుగా ఉండేది. దాంతో వయొలిన్ బరువు మోసే పని ఎడమచేతికి తగ్గి, వేళ్లు తేలిగ్గా కదిలేవి. మామయ్యగారు దీని దగ్గర చాలాసేపు నిలబడ్డారు. మన పద్ధతిలో కింద కూర్చుని, వయొలిన్ ఒక కొస గుండెకు, రెండోది పాదానికి ఆనిస్తాం, గడ్డంతో పనే లేదు. అయినా మనం కొనే ప్రతి వయొలిన్‌కీ ఆ ముక్క ఉంటుంది. "ఇన్నేళ్లు దీన్ని తుడిచాను, ఎవరు పెట్టారో ఇప్పుడు తెలిసింది" అన్నారు.

ఇంకో విషయం ఆయనకు నిజంగా కోపం తెప్పించింది. ఒప్పందం ప్రకారం ష్పోర్‌కు రావాల్సిన రెండు నెలల సెలవు కాగితం మీద 1851లో పాలకుడు సంతకం పెట్టలేదు. ఆయన లీవు శాంక్షన్ కాకుండానే వెళ్లిపోతే జీతంలో కోత వేశారు. 1857లో ఇష్టం లేకపోయినా పెన్షన్ ఇచ్చి ఇంటికి పంపారు. అదే చలికాలంలో చెయ్యి విరిగి, వయొలిన్ వాయించడం ఆగిపోయింది. "అప్పుడూ ఇదేనా!" అని మామయ్యగారు భోజనం దాకా అదే మాట్లాడారు.

ఆ భోజనమే ఊళ్లో మాకు దొరికిన మరో మంచి సంగతి. గ్రూనె సోసె అని, ఆకుకూరలన్నీ సన్నగా తరిగి పుల్లటి క్రీమ్‌లో కలిపి, ఉడికించిన బంగాళాదుంపలతో ఇస్తారు, 13.90 యూరోలు. గుడ్లు వద్దంటే తీసేసి, ఇంకో రెండు దుంపలు వేశారు. అచ్చం మన పెరుగుపచ్చడిలా ఉంది, మామయ్యగారు గిన్నె ఖాళీ చేశారు.

ఊరి కొండమీది హెర్క్యులస్ విగ్రహం దగ్గర నుంచి నీళ్లు కిందికి దూకే వేడుక బాగుంది. మే 1 నుంచి అక్టోబరు 3 వరకు బుధ, ఆదివారాల్లో మధ్యాహ్నం 2:30కి మొదలవుతుంది, టికెట్ లేదు.

మర్నాడు మామయ్యగారు దగ్గర్లోని గొట్టింగెన్ ఊరు చూద్దామన్నారు. 1804లో పారిస్ బయల్దేరిన ష్పోర్ బండి వెనక కట్టిన గ్వార్నేరి (పేరున్న ఇటలీ తయారీదారుల) వయొలిన్‌ను ఆ ఊరి బయటే దొంగలు కోసుకుపోయారు. పెట్టె పొలంలో దొరికింది, లోపల కమాను ఉంది, వయొలిన్ లేదు. లోకల్ రైల్లో గంట ప్రయాణం. నా సలహా అయితే, వయొలిన్ నేర్చుకునేవాళ్లు ఇంట్లో ఉంటే కాసెల్‌కు ఒక రోజు, గొట్టింగెన్‌కు ఒక పూట పెట్టుకోండి. బస మాత్రం స్టేషన్ దగ్గర హోటల్‌లోనే.