రాక్సెట్ గ్రేటెస్ట్ హిట్స్ సీడీ: మూడో పాట నుంచి మొదలుపెట్టండి

రాక్సెట్ అనే పాప్ జోడీ అంటే మనలో చాలామందికి ప్రెటీ ఉమన్ సినిమాలో పాటే గుర్తొస్తుంది, ఆ పాట నాకూ ప్రాణమే గానీ వీళ్ళ కథ దాంతో మొదలవ్వలేదండీ. ఒక్కో సింగిల్‌తో (విడిగా రిలీజ్ చేసిన పాటతో) ఎలా పైకొచ్చారో తెలియాలంటే 1995లో వచ్చిన ఈ డోంట్ బోర్ అస్, గెట్ టు ద కోరస్ సీడీ వినాలి. మొత్తం 18 పాటలు, పేరుకి తగ్గట్టే ఎక్కడా సాగదీత లేదు.

నాకు నచ్చనిది ముందే చెప్పేస్తా. మొదటి రెండు పాటలూ అప్పటికి కొత్తవి, హిట్స్ కోసం కొన్నవాళ్ళకి ముందు అవే వినిపించడం ఏంటో నాకు అర్థం కాలేదు. జూన్ ఆఫ్టర్‌నూన్ హాయిగానే ఉంటుంది, కానీ దాని ప్లేస్ చివర్లో. అందుకే మీరు డైరెక్ట్‌గా మూడో ట్రాక్ ద లుక్ పెట్టేయండి.

ఆ పాట వెనకాల కథ వింటే ఇప్పటికీ ఒళ్ళు పులకరిస్తుంది. వీళ్ళది స్వీడన్, పాటలు రాసేది పేర్ గెస్లె, ఎక్కువ పాడేది మేరీ ఫ్రెడ్రిక్సన్. లుక్ షార్ప్ ఆల్బమ్ 1988లో అక్కడ బాగా ఆడింది, అమెరికాలో మాత్రం రికార్డు కంపెనీ రిలీజ్ చెయ్యనంది. స్వీడన్‌లో చదువుకుని ఇంటికెళ్ళిన ఒక అమెరికన్ కుర్రాడు ఆ ఆల్బమ్ పట్టుకెళ్ళి మిన్నియాపొలిస్‌లో ఒక రేడియో స్టేషన్ వాళ్ళకి ఇచ్చాడు, వాళ్ళు ద లుక్ వేశారు, జనానికి తెగ నచ్చేసింది, మిగతా స్టేషన్లు కూడా కాపీలు తెప్పించుకుని వేసేశాయి, 1989 ఏప్రిల్‌కల్లా అమెరికా పాటల చార్ట్ బిల్‌బోర్డ్‌లో నంబర్ వన్! ఇంకో విషయం, అందులో మొదటి లైన్లు పేర్ ఊరికే ట్యూన్ కోసం రాసుకున్న డమ్మీ లిరిక్సే, తర్వాత మార్చబుద్ధి కాక అలాగే ఉంచేశారు.

ఇక లిజన్ టు యువర్ హార్ట్. ఈ ఒక్క పాట కోసమైనా సీడీ కొనొచ్చు. గిటార్ సోలో అయిపోగానే స్కేల్ మారుతుంది చూడండి, అక్కడ మేరీ గొంతు ఒక్కసారిగా పైకి లేస్తుంది, అరుపులా ఉండదు, ఎంత పైకెళ్ళినా మాట స్పష్టంగానే ఉంటుంది. హెడ్‌ఫోన్స్‌లో వినండి, కోరస్ వెనకాల వేసిన గొంతులు కూడా విడివిడిగా తెలుస్తాయి. అదీ 1989 నవంబర్‌లో అమెరికాలో నంబర్ వన్ అయింది. తర్వాత డేంజరస్ రెండో ప్లేస్ దాకా వెళ్ళింది.

ఇట్ మస్ట్ హావ్ బీన్ లవ్ అసలు 1987లో స్వీడన్‌లో వచ్చిన క్రిస్మస్ పాట. ప్రెటీ ఉమన్ సినిమా వాళ్ళు పాట అడిగితే కొత్తది రాసే టైం లేక పాతదాన్నే మళ్ళీ సరిచేసి, క్రిస్మస్ మాట తీసేసి ఇచ్చారు, 1990లో మళ్ళీ నంబర్ వన్. 1991లో జాయ్‌రైడ్‌తో నాలుగోసారి.

మేరీకి 2002లో బ్రెయిన్ ట్యూమర్ వచ్చింది, అయినా తర్వాత మళ్ళీ స్టేజ్ ఎక్కి పాడింది, 2019లో 61 ఏళ్ళకి పోయింది. స్పెండింగ్ మై టైమ్ వింటుంటే ఆవిడ లేదంటే నాకు నమ్మబుద్ధి కాదు. పేర్ మంచి ట్యూన్లు కట్టాడు, కాదనను, కానీ ఈ పాటలు ఇన్నేళ్ళు నిలబడ్డాయంటే అది మేరీ గొంతు వల్లే అని నా గట్టి నమ్మకం.

క్వీన్ ఆఫ్ రెయిన్ పెట్టకపోవడం మాత్రం పెద్ద లోటు, ఆల్మోస్ట్ అన్‌రియల్ బదులు అది ఉండాల్సింది. స్లీపింగ్ ఇన్ మై కార్ దగ్గర సౌండ్ పెంచుకోండి.

5కి 4 ఇస్తా. కొనేటప్పుడు వెనక లిస్టు ఒకసారి చూసుకోండి, అమెరికాలో 2000లో ఇదే పేరుతో వచ్చినదాంట్లో పాటలు కొన్ని వేరు.