మార్క్ టూ అంబాసిడర్‌తో కోనసీమ ర్యాలీలు: ఏళ్ళ తరబడి వాడాక నా మాట

అంబాసిడర్ కార్లలో పాత మోడలైన మార్క్ టూ కొనాలనుకుంటే ఇంజన్ శబ్దం విని మురిసిపోకండి. బండి కిందకి దూరి అడుగు చూడండి. 1489 సీసీ పెట్రోలు ఇంజన్‌కి సామాను విజయవాడ ఆటోనగర్‌లో తిరిగితే ఇప్పటికీ ఏదో ఒక కొట్టులో దొరుకుతోంది. బాడీ అలా కాదు. దీనికి కింద బరువు మోసే ఇనుప చట్రం, అంటే ఛాసిస్, విడిగా లేదు, ఆ రేకే బండి బలమంతా. మా వైపు ఉప్పుగాలి, ఏడాది పొడుగునా చెమ్మ. నా బండి తలుపుల కింద రేకు పైకి పెయింటుతో నిగనిగలాడుతూ ఉండేది, వేలితో నొక్కితే అప్పడంలా విరిగింది. టింకరింగ్‌కి అయిన ఖర్చు ఇంజన్ పనికి కాలేదు.

ఇక ర్యాలీ సంగతి. పాత బళ్ళ వాళ్ళం కొందరం కలిసి రాజమండ్రిలో బయల్దేరతాం. ధవళేశ్వరం బ్యారేజీ దాటి బొబ్బర్లంక, ఆత్రేయపురం, రావులపాలెం, అక్కణ్ణించి అమలాపురం, రాజోలు మీదుగా సఖినేటిపల్లి రేవుకి. ఎక్కడా ఘాట్ రోడ్డు లేదు కాబట్టి ఇంజన్ బలం చాలదన్న బాధ ఈ బండితో నాకు ఎప్పుడూ రాలేదు. వెనకున్న కమాన్లు (పట్టీ స్ప్రింగులు), ముందున్న టోర్షన్ బార్లు (మెలితిరిగి కుదుపుని ఓర్చుకునే కడ్డీలు) కాలవగట్టు గుంతల్ని హాయిగా మింగేస్తాయి. కొత్త కార్ల వాళ్ళు ఆచితూచి దిగే చోట నేను అలాగే పోనిస్తాను.

దీన్ని చంపేది స్పీడు కాదు, నెమ్మది. ఊళ్ళో జనం చూడాలని ఊరేగింపులా నడిపిస్తారు చూడండి, అక్కడ మొదలవుతుంది తంటా. ఇంజన్ నెమ్మదిగా తిరిగితే ఫ్యానూ నెమ్మదే, రేడియేటర్‌కి గాలి అందదు. ఇంజన్‌తో పాటు తిరిగి కరెంటిచ్చే డైనమో కూడా అప్పుడు చార్జింగ్ ఇవ్వదు, హారను మోగించే కొద్దీ బ్యాటరీ దిగిపోతుంది. ఫస్ట్ గేరుకి సింక్రోమెష్ (గేరు మెత్తగా పడేలా చేసే ఏర్పాటు) లేదు, బండి పూర్తిగా ఆగకుండా వేస్తే కరకరమంటుంది. ఎండ ముదిరితే ఫ్యూయల్ పంపు దగ్గర పెట్రోలు ఆవిరై బండి ఆగిపోతుంది. పంపు మీద తడిగుడ్డ కప్పి కాసేపు చెట్టు కింద కూర్చోవడమే మందు. అందుకే డిక్కీలో నీళ్ళ క్యాను, గుడ్డలు, ఫ్యాన్ బెల్టు లేకుండా కదలను. ఇప్పుడొచ్చే ఇరవై శాతం ఇథనాల్ పెట్రోలుకి పాత రబ్బరు ఆగడం లేదు. హోసులు, పంపులో ఉండే డయాఫ్రమ్ పొర దానికి తట్టుకునేవి వేయించాక గానీ పెట్రోలు వాసన తగ్గలేదు.

సఖినేటిపల్లి నుంచి నరసాపురానికి పంటు మీద, అంటే బళ్ళనెక్కించుకునే పెద్ద పడవ మీద, గోదావరి దాటడం నాకు అన్నిటికన్నా ఇష్టమైన భాగం, అన్నిటికన్నా భయమైనదీ అదే. తడిసిన చెక్కల మీదుగా ఎక్కించాలి. ఫస్ట్ గేరులో సగం క్లచ్ మీద పాకిస్తుంటే ఎదురుగా పంటు కుర్రాడు వెనక్కి నడుస్తూ "రానీండి, రానీండి... చాలండి, ఆపండాపండి" అంటుంటాడు. నాలుగు చక్రాలకీ డ్రమ్ము బ్రేకులే. నీళ్ళు తగిలితే కాసేపు పట్టవు, అవతల ఒడ్డున దిగాక నాలుగైదుసార్లు తొక్కి ఆరబెట్టుకున్నాకే రోడ్డెక్కాలి. హ్యాండ్ బ్రేకు మీద నాకంత నమ్మకం లేదు, చక్రాలకి చెక్క అడ్డు పెట్టించాకే కిందకి దిగుతాను. ఈమధ్య పంటు మీద ఒకాయన బండి చుట్టూ తిరిగి అంతా చూసి, "ఏసీ బాగా కూలవుద్దాండీ?" అన్నారు. ఏం చెప్తాం, అద్దాలు నాలుగూ దించి చూపించాను.

మైలేజీ అడగొద్దు. స్టీరింగ్ బరువు, నెమ్మదిగా పోతున్నప్పుడు తిప్పాలంటే భుజాలు పీకుతాయి. ఇలాంటి సీటు మాత్రం ఇప్పటి కార్లలో నాకు కనపడలేదు. ముందు సీటులో ముగ్గురు కూర్చుని వెళ్ళొచ్చు, గేరు రాడ్డు స్టీరింగ్ పక్కనే కాబట్టి కాళ్ళకి అడ్డు రాదు.

కాగితాల విషయం కూడా చూసుకోండి. 2021లో కేంద్రం తెచ్చిన నిబంధనల ప్రకారం, మొదటి రిజిస్ట్రేషన్ అయి 50 ఏళ్ళు దాటిన బండికి 'వీఏ' అక్షరాలున్న వింటేజ్ నంబరు తీసుకోవచ్చు. కొత్తగా చేయించడానికి ఫీజు 20,000 రూపాయలు, పదేళ్ళు చెల్లుతుంది. కానీ ఆ నంబరు మీద బండి రోజువారీ వాడకానికి పనికిరాదు, ర్యాలీకో ప్రదర్శనకో పెట్రోలుకో రిపేరుకో తప్ప. ఆదివారం సంతకి కూడా దీన్నే తీసుకెళ్ళే నాలాంటి వాడికి అది గిట్టదు, నేను తీసుకోలేదు. మీరు తీసుకోవాలనుకుంటే మాత్రం ఇంజన్, బాడీ మార్చని బండి వెతకండి. మా జిల్లాల్లో ట్యాక్సీలకి తిప్పి డీజిలు ఇంజన్ ఎక్కించినవి చవగ్గా వస్తాయి. అవి ఆ లెక్కలోకి రావు.