సింగపూర్‌లో 28 మంది పిల్లలతో ఒక రోజు

వైజాగ్‌లో రాత్రి ఫ్లైట్ ఎక్కితే నాలుగు గంటల ప్రయాణమే కానీ, అక్కడి టైం మనకంటే 2.30 గంటలు ముందు కదా, దిగేసరికి తెల్లారిపోతుంది, పిల్లలకి నిద్రే ఉండదు. మా ప్యాకేజీలో ఆ రోజే సైట్‌సీయింగ్ పెట్టేశారు. స్కూల్ ట్రిప్ ప్లాన్ చేసే టీచర్లందరికీ నేను చెప్పేది ఇదే, మొదటి పూట పడుకోనివ్వండి.

పొద్దున్నే మెర్‌లయన్ విగ్రహం. తల సింహం, ఒళ్ళు చేప, ఎత్తు 8.6 మీటర్లు. ఎండా, జనం. ఫోటో దిగడానికి 15 నిమిషాలు చాలు.

అక్కణ్ణుంచి గార్డెన్స్ బై ద బే అనే పెద్ద తోటలో క్లౌడ్ ఫారెస్ట్. అద్దాల గుమ్మటం లోపల 35 మీటర్ల కొండ, దాని మీంచి జలపాతం, తలుపు తియ్యగానే చల్లటి తుంపర మొహాన పడింది, "మేడమ్, అచ్చం లంబసింగి!" అని అరిచారు మావాళ్ళు. పైన పురుగుల్ని తినే మొక్కలుంటాయి, ఎనిమిదో క్లాసు బాబు ఒకడు ఆ కూజాలాంటి ఆకులోకి తొంగిచూసి, లోపలి నీళ్ళలో చీమ తేలుతోందని అందర్నీ పిలుస్తుంటే గైడ్ జెండా ఊపుతూ టైమైపోయింది పదండి అంటాడు. దీనికీ, పక్కనున్న ఫ్లవర్ డోమ్ అనే పూల గుమ్మటానికీ కలిపి గంటే ఇచ్చారు, ఒక్కదానికే రెండు గంటలు పడుతుంది. డబ్బు కట్టి పరిగెత్తించడం నాకు చాలా బాధనిపించింది.

హోటల్ గదులు చిన్నవే అయినా శుభ్రం. బ్రేక్‌ఫాస్ట్ దగ్గరే ఇబ్బంది, శాకాహారం పిల్లలకి డబ్బాలో రెండు బ్రెడ్డు ముక్కలు, జామ్ అంతే. ముందే రాసిచ్చినా పట్టించుకోలేదు. మధ్యాహ్నం లిటిల్ ఇండియాలో అరిటాకు భోజనం దొరికాక ప్రాణం లేచొచ్చింది, వడ్డించే పెద్దాయన అడక్కుండానే రెండోసారి సాంబారు పోశాడు. అక్కడ కుళాయి నీళ్ళు నేరుగా తాగొచ్చు, బాటిల్స్ కొనక్కర్లేదు. మెట్రోలో మాత్రం ఏమీ తినకూడదు, తాగకూడదు, ఫైన్ 500 సింగపూర్ డాలర్ల దాకా ఉంటుంది, పిల్లలకి ముందే గట్టిగా చెప్పండి.

నాకు అన్నిటికంటే నచ్చింది ప్యాకేజీలో లేని మెరీనా బ్యారేజ్, సముద్రానికి అడ్డంగా కట్టిన ఆనకట్ట. మేమే పట్టుబట్టి ఆపించాం, టికెట్ లేదు. 2008లో కట్టారు, 9 ఉక్కు గేట్లు, ఒకవైపు సముద్రం, ఇంకోవైపు తాగే నీళ్ళ రిజర్వాయర్. "ఉప్పునీళ్ళు మంచినీళ్ళు ఎలా అయ్యాయి మేడమ్?" అని మా అమ్మాయొకతి అడిగింది. సముద్రాన్ని గేట్లతో ఆపేశాక పడిన వానలకి ఉప్పు మెల్లగా కడుక్కుపోయింది, పెద్ద వానొస్తే ఆటు టైంలో గేట్లు దించి నీళ్ళు వదిలేస్తారు, పోటుంటే 7 పంపులతో తోడి పోస్తారు అని చెప్పా. బీచ్ పక్కనే పెరిగి ఎండాకాలం వీధిలోకి ట్యాంకర్ ఎప్పుడొస్తుందా అని ఎదురుచూసిన పిల్లలు వాళ్ళు, ఒక్కరూ కదల్లేదు. గైడ్ కూడా అక్కడ తొందరపెట్టలేదు. పైకప్పంతా పచ్చిక, గాలిపటాలు ఎగరేస్తున్నారు.

రాత్రి 7.45కి మళ్ళీ గార్డెన్స్ బై ద బేలో సూపర్‌ట్రీల, అంటే చెట్ల ఆకారంలో కట్టిన ఎత్తైన కట్టడాల లైట్ షో, అదీ ఉచితమే. కుర్చీలకోసం వెతకొద్దు, కింద వెల్లకిలా పడుకుంటేనే బాగా కనిపిస్తుంది. మావాళ్ళు సగంమంది అలాగే నిద్రపోయారు. చీమని చూసిన బాబు మాత్రం లేచే ఉన్నాడు, "రేపు మళ్ళీ ఆ మొక్కల దగ్గరికెళ్దామా మేడమ్" అన్నాడు.