పదేళ్లుగా పిల్లలతో ఓరుగల్లు: ఎక్కడ ఎంతసేపు కూర్చోవాలి

మేముండేది హన్మకొండలో. పెద్దోడు నడక నేర్చిన ఏడాది నుంచి ఇప్పటికి పదేళ్లుగా, చుట్టాలు వచ్చినా రాకపోయినా, సెలవు దొరికితే చాలు, వరంగల్ చుట్టుపక్కల ఇంటిల్లిపాదీ తిరుగుతూనే ఉన్నాం. కొన్నిచోట్లకు ఇరవై ముప్పైసార్లు వెళ్లుంటాం. పిల్లలతో వచ్చేవాళ్లకు ముందుగా ఒకటే చెప్తాను. అన్నీ ఒక్కరోజులో చూద్దామని మాత్రం రాకండి.

మా చెల్లెలు వాళ్లు వచ్చినప్పుడు మేమూ ఆ తప్పు చేశాం. బండి మాట్లాడుకుంటే వాళ్లు ఒకేరోజుకు ఏడు చోట్లు రాసిచ్చారు. రామప్పకు చేరేసరికి మిట్టమధ్యాహ్నం, అదీ మే నెల. చెప్పులు బయట విడిచి లోపలికి అడుగుపెడితే రాతినేల నిప్పుల్లా కాలింది. చిన్నది వాళ్ల నానమ్మ చంక దిగలేదు. డ్రైవరు అరగంటే ఇచ్చాడు, అందులో సగం నీడ వెతుక్కోవడానికే పోయింది. గుడి చూశామని ఫోటోలున్నాయి గానీ ఏం చూశామో ఒక్కరికీ గుర్తులేదు.

అదే గుడికి డిసెంబరులో పొద్దున్నే వెళ్లాం. మూడు గంటలున్నాం. ఇక నాకు వరంగల్ అంటే ముందు రామప్పే.

ఊరి నుంచి డెబ్బై కిలోమీటర్లుంటుంది, ములుగు జిల్లా పాలంపేటలో. కాకతీయ రాజు గణపతిదేవుడి సేనాని రేచర్ల రుద్రుడు 1213లో కట్టించాడు, కానీ జనం నోట నిలిచింది శిల్పి రామప్ప పేరు. 2021లో యునెస్కో గుర్తింపు వచ్చింది. పిల్లలకు ఈ సంవత్సరాలేవీ పట్టవు. వాళ్లకు పట్టేవి వేరే ఉంటాయి. గోడలేమో ఎర్ర ఇసుకరాయి, చూరు కింద ఒంగి నిలబడ్డ మదనికలేమో, అంటే ఆడవాళ్ల శిల్పాలు, నిగనిగలాడే నల్లరాయి. ఆ మదనికల్లో ఒకామె కాళ్లకు మడమెత్తు చెప్పులున్నట్టు చెక్కారు. మా చిన్నది ప్రతిసారీ ముందు అక్కడికే పరిగెడుతుంది. గైడును పెట్టుకోండి, తప్పకుండా. మాకు దొరికిన పెద్దాయన ఒక చీపురుపుల్ల తీసి, స్తంభం మీది చెక్కుడులో ఒక సన్నటి బెజ్జంలోంచి దూర్చి అవతలికి తీశాడు. పెద్దోడు ఆ పుల్లను అడిగి తీసుకుని ఇంటిదాకా జేబులో పెట్టుకొచ్చాడు.

మండపంలో అడుగుపెట్టగానే అంతా చీకటిగా అనిపిస్తుంది, చాలామంది అక్కణ్నుంచే వెనక్కి తిరుగుతారు. ఐదు నిమిషాలు కూర్చోండి. కళ్లు అలవాటుపడ్డాక తల పైకెత్తితే, పైకప్పులో నాట్యం చేసేవాళ్లు ఒక్కొక్కరే బయటపడతారు. నాట్యాచార్యులు నటరాజ రామకృష్ణ గారు కాకతీయుల కాలపు పేరిణి నాట్యాన్ని మళ్లీ నిలబెట్టడానికి ఆధారం చేసుకున్నది ఈ గుడి శిల్పాలనే. శిఖరంలో వాడిన ఇటుకలు నీళ్లలో తేలేంత తేలికవని, పునాది కింద ఇసుక నింపారని గైడు చెప్పినప్పుడు పెద్దోడు కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "అంటే పైన బరువు తగ్గించిన్రు, కింద మెత్తగ పెట్టిన్రు, గంతే గద డాడీ?" అన్నాడు. గంతే బిడ్డా. ఎనిమిది వందల ఏళ్లుగా నిలబడింది.

వరంగల్ కోట సంగతి వేరు. దానికి సాయంత్రం పూట వెళ్లాలి, ఎండ ఏటవాలుగా పడేటప్పుడు. లోపల నీడ తక్కువ. నాలుగు దిక్కులా నాలుగు కీర్తితోరణాలు, అంటే రాతి ద్వారాలున్నాయి, తెలంగాణ చిహ్నంలో కనిపించే తోరణం ఇదే. వాటి నడుమ ఉండాల్సిన స్వయంభూ శివాలయం మాత్రం లేదు, 14వ శతాబ్దంలో ఢిల్లీ సేనల దాడుల్లో పోయింది. మా అమ్మ మొదటిసారి వచ్చినప్పుడు నడిమధ్య నిలబడి, "దర్వాజలున్నయి, గుడేది బిడ్డా?" అని అడిగింది. నాకు ఇప్పటికీ అక్కడికి వెళ్తే ఆ మాటే వినిపిస్తుంది.

చెదిరిన రాళ్లను అక్కడే పేర్చి పెట్టారు. పిల్లలతో మేం ఆడే ఆట ఒకటుంది. ఎవరికి ఎక్కువ హంసలు దొరికితే వాళ్లు గెలిచినట్టు. తోరణం మీద, విరిగిన దూలాల మీద, నేలమీది ముక్కల మీద వెతుకుతారు. చేతులు పెట్టొద్దు, చూపించండి చాలని అమ్మ కాపలా కాస్తుంది. కోటలోకి వచ్చేటప్పుడు రాతి దర్వాజల దగ్గర దారి సూటిగా ఉండదు, వంకర తిరుగుతుంది. శత్రువుల ఏనుగులు, గుర్రాలు ఒక్క ఊపున దూసుకురాకుండా అలా కట్టారు. ఇప్పుడు అదే మలుపులో ఆటోలు హారన్ కొట్టుకుంటూ పోతుంటాయి. గణపతిదేవుడు మొదలుపెట్టి రుద్రమదేవి పూర్తిచేసిన ఈ గోడల లోపల ఇప్పటికీ జనం కాపురం ఉంటున్నారు, పొలాలు దున్నుకుంటున్నారు. అక్కడ నాకు బాగా నచ్చేది అదే. ఓపిక ఉంటే ఏకశిల గుట్ట కూడా ఎక్కండి.

వేయిస్తంభాల గుడి ఊరి మధ్యలోనే, కాబట్టి మాకు తోచనప్పుడల్లా అక్కడికే. 1163లో కాకతీయ రాజు రుద్రదేవుడు కట్టించిన త్రికూటాలయం, శివుడు, విష్ణువు, సూర్యుడు ముగ్గురికీ. మా పిల్లలు చిన్నగా ఉన్నన్ని రోజులూ ఎదురుగా కల్యాణమండపం ఉండాల్సిన చోట పని నడుస్తూ ఉండేది. విప్పిన రాళ్లను మళ్లీ పేర్చి 2024లో తెరిచాక నలుగురం వెళ్లాం. అమ్మ ఒక స్తంభానికి ఆనుకుని కూర్చుని కళ్లు తుడుచుకుంది. నేనేమీ అడగలేదు.

మిగతావి త్వరగా చెప్తాను. భద్రకాళి చెరువు కట్ట మీద సాయంత్రం నడక బాగుంటుంది, పెద్దవాళ్లకు మరీను. జూపార్కుకు ఐదేళ్లలోపు పిల్లలుంటే వెళ్లండి, పెద్ద పిల్లలకు గంటలో విసుగొస్తుంది. లక్నవరం చెరువును వానలు వెనకబట్టాక చూడాలి, అప్పుడు నీళ్లు నిండుగా ఉంటాయి. వేలాడే వంతెన మీద చిన్నది మొదటిసారి నా వేలు వదల్లేదు, రెండోసారి ముందు తనే పరిగెత్తింది. పాకాల చెరువుకు జనం తక్కువ, అడవి ఎక్కువ. అక్కడికి తినడానికి, తాగడానికి ఇంటి నుంచే పట్టుకెళ్లండి.

ఎక్కడికి వెళ్లినా అందరికీ ఒక్కో జత సాక్సులు సంచిలో వేసుకోండి, రాతినేల మీద పిల్లలు ఏడవరు. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా హాయిగా తిరగొచ్చు.

ఈ డిసెంబరులో మళ్లీ రామప్పకే వెళ్తున్నాం. పెద్దోడు ఈసారి కొలవడానికి టేపు, గీసుకోవడానికి నోటుబుక్కు పట్టుకొస్తానంటున్నాడు.