టార్కీలో గది మోసం, గ్రీన్‌వేలో మాత్రం మనసు నిండిపోయింది

నాన్న గుంటూరు నుంచి ఇంగ్లండ్‌లో మా దగ్గరికి రెడింగ్ వచ్చి లండన్ కూడా అడగలేదు, అగాథా క్రిస్టీ ఇల్లు చూపించమ్మా అన్నారు. ఉద్యోగం చేసినన్నాళ్ళూ లైబ్రరీ నుంచి ఆవిడ రాసిన డిటెక్టివ్ పాయిరో కథలు తెచ్చుకుని చదివిన మనిషి.

ఆవిడ 1890లో పుట్టిన ఊరు టార్కీ. అక్కడే 2 రాత్రులకి సీ వ్యూ గది అంటే 236 పౌండ్లు కట్టేశా. తీరా వెళ్తే కిటికీ వెనక సందులోకి, కింద చెత్త డబ్బాలు. సముద్రం ఏదండీ అంటే ఓనరు బాత్రూం కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి మెడ ఇటు తిప్పండి అన్నాడు, రెండు పైకప్పుల మధ్య వేలెడంత నీలం కనపడింది! గది మార్చమంటే రాత్రికి ఇంకో 30 అట, పార్కింగుకి రోజుకి 12, అది బుకింగులో ఎక్కడా లేదు. పొద్దున 9:05కి కిందకి దిగిన నాన్నకి టైమైపోయిందని కాఫీ కూడా పోయలేదు. ఆయన ఏమీ అనలేదు గానీ మధ్యాహ్నం దాకా మొహం అలాగే ఉంది, నాకు మాత్రం ఇప్పటికీ కడుపు మండుతోంది. మీరు గది తీసుకునేముందు కిటికీలోంచి తీసిన ఫోటో పంపమని అడగండి, పంపకపోతే వదిలేయండి.

మ్యూజియం, 1914లో పెళ్ళయ్యాక క్రిస్టీ హనీమూన్‌కి దిగిన గ్రాండ్ హోటల్ ఒక పూటలో అయిపోయాయి.

మర్నాడు డార్ట్‌మత్ నుంచి ఫెర్రీలో గ్రీన్‌వే. 1938లో క్రిస్టీ 6,000 పౌండ్లకి కొనుక్కున్న ఇల్లు. రెండో యుద్ధంలో ఇక్కడ అమెరికన్ కోస్ట్ గార్డ్ వాళ్ళున్నారు, వాళ్ళలో ఒకతను లైబ్రరీ గోడల పైభాగాన చుట్టూతా వాళ్ళ ఓడ తిరిగిన చోట్లన్నీ బొమ్మలు వేశాడు, చివర్లో చెట్ల సందులోంచి తొంగిచూసే తెల్లటి ఇల్లు, ఈ ఇల్లే. వెళ్ళేప్పుడు చెరిపేయమంటారా అంటే ఆవిడ వద్దందట. నాన్న తలెత్తి అలా చూస్తూనే ఉంటే అక్కడి వాలంటీర్ పెద్దావిడ, మేం అడక్కుండానే, కుర్చీ తెచ్చి వేసింది. దాంట్లో కూర్చుని ఇరవై నిమిషాలు చూశారు.

పెద్దవాళ్ళుంటే ఫెర్రీయే మేలు, పెయింటన్ నుంచి స్టీమ్ రైలెక్కితే దిగే చిన్న స్టేషన్ నుంచి అడవిలో అరగంట నడవాలి. ఫెర్రీ దిగాక కూడా గట్టి ఎక్కుడే ఉంది. కారైతే పార్కింగ్ ముందే బుక్ చేసుకోండి.

ఆవిడ నవల డెడ్ మ్యాన్స్ ఫాలీలో శవం దొరికే బోట్‌హౌస్ (పడవలు పెట్టుకునే ఇల్లు) నది ఒడ్డునే ఉంది. మోకాళ్ళ నొప్పితోనే నాన్న అక్కడిదాకా దిగారు. ఫెర్రీకి టైమైంది నాన్నా అంటే, తర్వాతదానికి వెళ్దాం లేమ్మా అని అక్కడే కూర్చున్నారు.