పిట్స్‌బర్గ్ దగ్గరి లీజియన్‌విల్ చరిత్ర ఫలకం: విశాఖ ప్రయాణికులకు ఒక సమీక్ష

విశాఖపట్నం నుంచి అమెరికాలోని పిల్లల దగ్గరికి వెళ్ళే పెద్దవారిలో చాలామంది, పిట్స్‌బర్గ్ చేరారంటే పెన్ హిల్స్‌లోని శ్రీ వేంకటేశ్వరస్వామి దర్శనం చేసుకోకుండా తిరిగి రారు. ఆ ప్రయాణంలో ఒక పూట మిగిలితే, నగరం నుంచి ఒహాయో నది వెంబడి సుమారు 35 కిలోమీటర్లు వెళ్ళి, బేడెన్ అనే చిన్న ఊరి దగ్గర 65వ నంబరు రాష్ట్ర రహదారి పక్కన ఉన్న లీజియన్‌విల్ ఫలకాన్ని కూడా చూడమని నా సలహా. ఐదింటిలో దీనికి నాలుగు మార్కులు వేస్తాను.

పెన్సిల్వేనియా ప్రభుత్వం రోడ్ల పక్కన నిలిపే చరిత్ర ఫలకాల తీరే దీనిదీ. స్తంభం మీద లోహపు పలక, నీలం రంగు మీద పసిడి రంగులో ఉబ్బెత్తు అక్షరాలు, పైన రాష్ట్ర చిహ్నం ఉంటాయి. 1792 చలికాలం మొదలుకొని 1793 వసంతం దాకా అమెరికా సైన్యాధిపతి జనరల్ ఆంథొనీ వేన్ తన సైన్యానికి ఇక్కడ శిక్షణ ఇచ్చాడన్నది ఆ ఫలకం చెప్పే సంగతి. ఆనాటి గుడిసెలు, బురుజులు ఏవీ నేడు కంటికి కనబడవు కాబట్టి, కోటలాంటిదేదో చూడవచ్చని ఆశించి వెళ్ళేవారికి నిరాశ తప్పదు. రహదారి మీద వాహనాలు వేగంగా సాగిపోతుంటాయి. కదిలే కారులోంచి చదవడం సాధ్యం కాదు. కారు ఆపడానికి క్షేమమైన చోటు ముందుగా చూసుకోవాలి, పెద్దవారు వెంట ఉంటే ఈ విషయంలో మరింత జాగ్రత్త అవసరం.

అయితే ఈ చోటు విలువ తెలియాలంటే అంతకు ముందు జరిగినది చదువుకుని వెళ్ళడం మంచిది. 1791 నవంబరు 4న, వాబాష్ నది ఒడ్డున, మయామీ తెగ నాయకుడు లిటిల్ టర్టిల్, షానీ తెగ నాయకుడు బ్లూ జాకెట్ నడిపించిన మూలవాసుల కూటమి జనరల్ సెయింట్ క్లెయిర్ నడిపిన అమెరికా సేనను చిత్తుగా ఓడించింది. ఆ ఒక్క ఉదయం 600 మందికి పైగా అమెరికా సైనికులు చనిపోయారు. సరైన తర్ఫీదు లేని మనుషులను హడావుడిగా అడవిలోకి నడిపించడం ఆ ఓటమికి ఒక ముఖ్య కారణం. తర్వాతి ఏడాది సైన్యాన్ని ‘లీజియన్’ పేరుతో నాలుగు దళాలుగా పునర్నిర్మించి, ప్రతి దళంలోనూ పదాతులను, తుపాకీ గురికాండ్రను, ఆశ్వికులను, ఫిరంగి దళాన్ని కలిపి ఉంచారు. దళాలను గుర్తుపట్టడానికి టోపీలకు తెలుపు, ఎరుపు, పసుపు, ఆకుపచ్చ రంగులు కేటాయించారు. పిట్స్‌బర్గ్‌లో తాగుడు, ఇతర వ్యసనాలు సైనికులను చెడగొడుతున్నాయని గ్రహించిన వేన్ వారిని ఊరికి దూరంగా ఈ నదీ తీరానికి తరలించి, చలికాలమంతా కవాతు, తుపాకీ గురి, బాయొనెట్ (తుపాకీ కొనకు తగిలించే కత్తి) సాధన చేయించాడు. యుద్ధానికి తొందరపడకుండా ఆ నెలలన్నీ సాధనకే కేటాయించిన ఓర్పు నన్ను ఎక్కువగా ఆకట్టుకుంది. 1793 ఏప్రిల్ చివర పడవలెక్కి బయలుదేరిన ఆ సేన 1794 ఆగస్టు 20న ఫాలెన్ టింబర్స్ వద్ద ఆ మూలవాసుల కూటమి మీద గెలిచింది.

నేను తగ్గించిన ఒక మార్కు ఇక్కడిదే. ఆ గెలుపు తర్వాత 1795లో కుదిరిన గ్రీన్‌విల్ ఒప్పందం ద్వారా మూలవాసులు నేటి ఒహాయో రాష్ట్రంలో అత్యధిక భాగాన్ని వదులుకోవలసి వచ్చింది. శిబిరానికి దగ్గరలోనే అంతకు ముందు లాగ్స్‌టౌన్ అనే వారి ఊరు ఉండేది. సైన్యం కథ చెప్పే ఫలకం ముందు నిలబడినప్పుడు ఈ నేల ఎవరిదన్న ప్రశ్నకు జవాబు కూడా అందితేనే చరిత్ర పూర్తిగా చెప్పినట్టు. అంత చిన్న పలకలో అది పట్టదు కాబట్టి రెండో ఫలకమైనా పక్కన ఉండాలని కోరుకుంటున్నాను.

విశాఖవాసులకు ఈ తేదీలు మరొక కారణంగా కూడా తాకుతాయి. ఫాలెన్ టింబర్స్ యుద్ధానికి దాదాపు ఆరు వారాల ముందు, 1794 జూలై 10న, భీమునిపట్నానికీ విజయనగరానికీ నడుమ ఉన్న పద్మనాభం వద్ద విజయనగరం సంస్థానాధీశుడు పూసపాటి విజయరామరాజు ఈస్టిండియా కంపెనీ సేనతో పోరాడి మరణించాడు. పేష్కషు (కంపెనీకి కట్టవలసిన కప్పం) బకాయిల పేరుతో కంపెనీ ఆయనను సంస్థానం వదిలి మచిలీపట్నం వెళ్ళిపొమ్మంది. ఆయన వెళ్ళకుండా తనవారితో పద్మనాభంలో విడిది చేశాడు. అనంతపద్మనాభస్వామి మెట్లెక్కడానికి ఏటా వెళ్ళే మన కుటుంబాల పిల్లలకు, కొండ కింద ఏ తేదీన ఎవరెవరి మధ్య ఏం జరిగిందో, కారులోంచే కంటబడేంత పెద్ద ఫలకం మీద తెలుగులో చదివే వీలు భీమిలి దారిలోనూ, విజయనగరం దారిలోనూ ఉండాలి. లోహపు పలకకూ స్తంభానికీ అయ్యే ఖర్చు ఏ పంచాయతీకీ భారం కాదు.

లీజియన్‌విల్ వద్ద పావుగంట చాలు. మిగిలిన సమయాన్ని పక్క ఊరు ఆంబ్రిడ్జ్‌లోని ఓల్డ్ ఎకానమీ విలేజ్‌కు కేటాయించండి. హార్మనీ సొసైటీ అనే మత సమాజం 1824లో స్థాపించిన ఊరి ఇళ్ళను అక్కడ మ్యూజియంగా కాపాడుతున్నారు, పిల్లలు కూడా విసుగు లేకుండా చూస్తారు.